మలావి పల్లెలో మిషన్ పని, వ్యవసాయం: ఇరవై ఎకరాల మోడల్ ఫారం పెట్టొచ్చా?

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీరు అగ్రికల్చర్ బీఎస్సీ చేశారు, మీ భార్య నర్సు, మీ సంఘం మిమ్మల్ని రెండేళ్లపాటు ఆఫ్రికాలోని మలావి దేశానికి పంపాలనుకుంటోంది. అక్కడి సంఘం ఇరవై ఎకరాలు చూపిస్తామంటోంది. ట్రాక్టరు, డ్రిప్పు, మంచి హైబ్రిడ్ మొక్కజొన్న పెట్టి మోడల్ ఫారం నడిపి, ఆ ఆదాయంతో బడి కట్టాలని మీ ఆలోచన. ఏ పంటతో మొదలుపెట్టాలి, అక్కడ బతుకు ఎలా ఉంటుంది అని అడిగారు.

మావారు పాస్టరు, నేను వ్యవసాయం చదివినదాన్ని. మలావి మధ్య ప్రాంతంలో, డెడ్జా వైపు పల్లెల్లో చాలా ఏళ్లు ఉన్నాం. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఆ ఇరవై ఎకరాలు తీసుకోవద్దు. మీ పని వాళ్ల పొలాల్లోనే మొదలవ్వాలి, వాళ్ల చేతిలో ఉన్న చిన్న పారతో అయ్యేంత పనితోనే మొదలవ్వాలి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మలావిలో ఎక్కువ రైతు కుటుంబాలకు ఉన్నది ఒక్క హెక్టారు లోపే. అలాంటి చోట ఇరవై ఎకరాలు ఖాళీగా ఉందని ఎవరైనా అంటే, అందులో ఇప్పుడు ఎవరి మేకలు మేస్తున్నాయి, ఎవరు కట్టెలు ఏరుకుంటున్నారు, పోయిన ఏడాది ఎవరు విత్తారు అని అడగండి. గ్రామ పెద్ద సరే అన్నంత మాత్రాన అయిపోదు. 2016లో వచ్చిన కస్టమరీ భూముల (ఆచారంగా ఊరి చేతిలో ఉండే భూముల) చట్టం ప్రకారం కమిటీలు, కాగితాలు ఉంటాయి. వాటికంటే ముందు జనం మనసులో ఉన్న లెక్క ఒకటుంటుంది.

ఆ లెక్క వెనక పెద్ద చరిత్ర ఉంది. 1861లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు దక్షిణాన మగొమెరో అనే చోట స్థావరం పెట్టారు. వాళ్ల నాయకుడు బిషప్ మెకెంజీ ఏడాది తిరక్కుండానే చనిపోయాడు, తర్వాత ఆ స్థావరమూ ఎత్తేశారు. కొన్నేళ్లకు అదే మగొమెరో, డేవిడ్ లివింగ్‌స్టన్ అల్లుడైన బ్రూస్ కుటుంబం చేతిలో లక్షన్నర ఎకరాల పైచిలుకు ఎస్టేట్ అయింది. తరాలుగా అక్కడ ఉన్నవాళ్లు కూడా కౌలుకు బదులు దొర పొలంలో వెట్టి చేయాలి. దాన్ని తంగాట అంటారు. సరిగ్గా వానలు పడి తమ పొలం పిలిచే రోజుల్లోనే ఆ వెట్టి. జాన్ చిలెంబ్వే అనే నల్లజాతి పాస్టరు 1900లో అమెరికా నుంచి తిరిగొచ్చి చిరాద్జులు దగ్గర ప్రావిడెన్స్ ఇండస్ట్రియల్ మిషన్ పెట్టాడు. గుడి, బడులు, పత్తి, కాఫీ అన్నీ అందులోనే. ఎస్టేట్ భూమిలో అతని మనుషులు కట్టుకున్న ప్రార్థన ఇళ్లను మేనేజరు తగలబెట్టించాడు. 1915 జనవరిలో చిలెంబ్వే తిరగబడ్డాడు, కొద్ది రోజులకే అతన్ని కాల్చి చంపారు. ఈరోజుకీ జనవరి 15 అక్కడ సెలవు, అతని బొమ్మ నోట్ల మీద ఉంటుంది. బైబిలు పట్టుకుని వచ్చినవాళ్లు కంచె వేసుకుంటే ఏమవుతుందో ఆ దేశంలో బడిపిల్లలకు కూడా తెలుసు. మీ మనసు ఎంత మంచిదైనా, మీరు కంచె వేసిన రోజు నుంచి ఆ కథలోకి వెళ్లిపోతారు.

ఇంకో సంగతి. మధ్య, దక్షిణ ప్రాంతాల్లో భూమి తల్లి నుంచి కూతుళ్లకు వస్తుంది. పెళ్లయ్యాక మగవాడు భార్య ఊరికి వచ్చి ఉంటాడు. మన ఇల్లరికం లాంటిదే, అయితే అక్కడ అది మామూలు పద్ధతి. భూమి మాట వస్తే మేనమామ మాట గట్టిది. మన సంఘాల్లో అలవాటైనట్టు మగవాళ్లను కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇచ్చి, వాళ్ల పేరు మీద విత్తనం రాస్తే, పొలం ఎవరిదో వాళ్లను వదిలేసినట్టే. ఒక మీటింగులో పండ్ల మొక్కలు పంచుతుంటే మగవాళ్లు నవ్వుతూ తీసుకున్నారు, మొక్కలు మాత్రం ఇళ్ల వెనకే ఎండిపోయాయి. ఒక ముసలాయన మావారితో అన్నాడు, "అయ్యగారూ, రేపు నా భార్య చనిపోతే నేను మా అమ్మ ఊరికి వెళ్లిపోవాలి. ఈ మామిడి ఎవరు తింటారు?" ఆ తర్వాత మొక్కలు ఆడవాళ్లకు, వాళ్ల అన్నదమ్ముల ముందు ఇచ్చాం, బతికాయి.

ఇక పంట. అక్కడ వాన ఒక్కటే కాలం, నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా. మొక్కజొన్న ఏప్రిల్, మే నెలల్లో ఇంటికొస్తుంది. డిసెంబరు వచ్చేసరికి చాలా ఇళ్లలో గాదె ఖాళీ. జనవరి, ఫిబ్రవరి ఆకలి నెలలు. సరిగ్గా అప్పుడే మొక్కజొన్నకు కలుపు తీయాలి. ఇంట్లో పిండి లేని తల్లి ఏం చేస్తుంది? పూటకు సరిపడా పిండి కోసం ఇంకొకరి చేలో కూలికి పోతుంది. దాన్ని గన్యు అంటారు. తన చేను కలుపులో మునిగిపోతుంది, దిగుబడి పడిపోతుంది, మళ్లీ వచ్చే జనవరికి అదే ఆకలి. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను దక్షిణాన్ని ఊడ్చేసింది. మరుసటి ఏడాది ఎల్ నినో కరువుకు 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. అలాంటి ఏడాది రాకపోయినా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. మీరు ఏ ప్రాజెక్టు పెట్టినా ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: దీనివల్ల ఆ తల్లి జనవరిలో తన చేలో ఉండగలదా?

అందుకే మొదటి ప్రాజెక్టు ఏది అంటే, నా సమాధానం పంట కాదు, నిల్వ. విచిత్రంగా అనిపించొచ్చు. మే నెలలో ధర అడుగున ఉన్నప్పుడు పురుగు భయంతో, అప్పు భయంతో అమ్మేస్తారు. అదే గింజను జనవరిలో చాలా ఎక్కువ ధర పెట్టి కొంటారు. ముక్కుపురుగుకు తోడు లార్జర్ గ్రెయిన్ బోరర్ అనే పురుగు ఒకటుంది. అమెరికా ఖండం నుంచి 1980 ప్రాంతంలో టాంజానియాకు వచ్చి చుట్టుపక్కల దేశాలకు పాకింది. అది గింజను పిండి పిండి చేసేస్తుంది. దీనికి మూడు పొరల సంచి ఉంది, పిక్స్ బ్యాగ్ అంటారు. లోపల రెండు దళసరి ప్లాస్టిక్ పొరలు, బయట మామూలు గోతం. ఒక్కో పొర విడిగా మెలిపెట్టి తాడుతో బిగించి కడితే, లోపల గాలి అయిపోయి పురుగు చచ్చిపోతుంది. మందు అవసరం లేదు. మన దగ్గర గింజల్లో పెట్టే సెల్ఫాస్ గోళీ లాంటివి పడుకునే గదిలో పెట్టడం ఎంత ప్రమాదమో నర్సు అయిన సిస్టర్‌కి, అంటే మీ భార్యకి, నేను చెప్పక్కర్లేదు. అక్కడ గింజ ఉండేది పడుకునే గదిలోనే.

సంచి కట్టే ముందు గింజ బాగా ఎండాలి, లేదంటే బూజు. మీటర్లు ఏమీ అక్కర్లేదు. పొడిగా ఉన్న గాజు సీసాలో గుప్పెడు గింజలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత పెట్టి బాగా ఊపి, కాసేపు ఉంచాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే ఇంకా తేమ ఉన్నట్టు. అంటుకోకపోతే కట్టేయొచ్చు. ఈ పరీక్ష చూపించిన రోజు ఆడవాళ్లు సీసా లాక్కుని ఎవరి గింజలు వాళ్లు పరీక్షించుకున్నారు. తర్వాత ఒకరికొకరు వాళ్లే నేర్పుకున్నారు. ఆ సంచీ ఫ్రీగా ఇవ్వకండి. సగం ధరకైనా అమ్మండి, లేదా పంట వచ్చాక కట్టేలా ఇవ్వండి. ఫ్రీగా ఇస్తే మరుసటి ఏడాది దుకాణంలో ఎవరూ కొనరు, దుకాణదారు తెప్పించడం మానేస్తాడు, మీరు వెళ్లిపోయాక ఆ ఊళ్లో సంచే దొరకదు.

మీ హైబ్రిడ్ గురించి. మనం ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు అని చూస్తాం. అక్కడి ఆడవాళ్లు గింజను పళ్ల మధ్య కొరికి చూస్తారు. గట్టి గింజ అయితే దంచినప్పుడు తవుడు విడిగా పోయి తెల్లటి పిండి ఎక్కువ వస్తుంది, పురుగూ త్వరగా పట్టదు. మెత్తటి గింజ ఎక్కువ పండినా రోట్లో, గాదెలో పోతుంది. ఈ సంగతి గుర్తించాకే 1990లో మలావి పరిశోధన కేంద్రం గట్టి గింజ రకం హైబ్రిడ్లు, ఎం.హెచ్. 17, ఎం.హెచ్. 18 అనేవి విడుదల చేసింది. కాబట్టి విత్తనం పేరు చెప్పే ముందు ఊళ్లో నలుగురు అమ్మలతో కూర్చుని వాళ్ల రోలు దగ్గర చూడండి.

సాగు పద్ధతిలో అక్కడి సంఘాల ద్వారా బాగా వ్యాపించినది గుంతల పద్ధతి. జింబాబ్వేలో బ్రయన్ ఓల్డ్రీవ్ అనే రైతు, క్రైస్తవుడయ్యాక పొగాకు సాగు వదిలేసి, దున్నకుండా పండించే ఈ పద్ధతిని 1980లలో తాను నడిపిన హింటన్ ఎస్టేట్‌లో రూపొందించాడు. ఇప్పుడు ఫౌండేషన్స్ ఫర్ ఫార్మింగ్ పేరుతో నేర్పిస్తారు. 2020లో జింబాబ్వే ప్రభుత్వం దీన్నే ఫుమ్‌వుద్జా అనే పథకంగా పెట్టింది. 39 మీటర్లు, 16 మీటర్ల మడి. 75 సెంటీమీటర్ల దూరంలో 52 సాళ్లు, ఒక్కో సాలులో 60 సెంటీమీటర్లకు ఒక గుంత చొప్పున 28 గుంతలు. ఏడాదికి 52 వారాలు కదా, ఒక్క సాలు ఒక్క వారం తిండి. చదువురాని వాళ్లకు కూడా ఈ లెక్క ఒక్కసారికే అర్థమవుతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

చేతిలో తాడు, తాడుకు 60 సెంటీమీటర్లకొకటి సోడా మూత బిగించి ఉంటుంది. మూత ఉన్నచోట పారతో జానెడు లోతు గుంత. అడుగున గుప్పెడు పశువుల ఎరువు, కొనగలిగితే ఒక మూత 23:21:0 ఎరువు (మన 20-20-0-13 లాగా అక్కడ దుక్కి ఎరువు అది), పైన కాస్త మట్టి, మంచి వాన పడ్డాక మూడు గింజలు, మొలిచాక రెండు మొక్కలు ఉంచి ఒకటి పీకేయాలి. సాళ్ల మధ్య గడ్డి, చొప్ప దట్టంగా పరవాలి. అవే గుంతలు ఏటా వాడుకోవచ్చు. వాన రెండు వారాలు మొహం చాటేసిన ఏడాది, పక్కచేలో ఆకులు మెలిపడినప్పుడు ఈ గుంతల్లో మొక్క నిలబడటం నేను కళ్లారా చూశాను.

అయితే దీన్ని సువార్తలాగా చెప్పకండి. మొదటి ఏడాది, రాయిలా గట్టిపడిన నేలలో జులై నుంచి అక్టోబరు దాకా 1,456 గుంతలు తవ్వాలి. జింబాబ్వేలో జనం దీనికి "తవ్వి చావు" అని పేరు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. దున్నడం మానేస్తే కలుపు పెరుగుతుంది, ఆ కలుపు తీసేది ఆడవాళ్లే. విత్తనం, ఎరువు ఉచితంగా ఇచ్చినన్నాళ్లు గుంతలు తవ్వి, ఇవ్వడం ఆపగానే మానేసిన ఊళ్లు ఎన్నో. మొత్తం పొలం కాదు, ఒక్క చిన్న మడి చాలు అని నేను చెప్పేదాన్ని. ముసలివాళ్లు, ఒంటరి తల్లులు ఉన్న ఇళ్లకు సంఘం యువకులు వెళ్లి గుంతలు తవ్వి పెట్టడం, నా దృష్టిలో ఆ ప్రాంతంలో సంఘం చేయగల అతి మంచి పని.

చొప్ప పరవడం కాగితం మీద తేలిక. అక్కడ మొక్కజొన్న కోత అయ్యాక పిల్లలు పొలాలకు నిప్పు పెడతారు. ఎలుకల కోసం. కాల్చిన ఎలుకలను పుల్లలకు గుచ్చి రోడ్డు పక్కన అమ్ముతారు, అది వాళ్లకు మాంసం, డబ్బు. పిల్లలను తిడితే లాభం లేదు. గ్రామ పెద్దతో, పిల్లలతో కూర్చుని ఏ పొలాల్లో నిప్పు పెట్టకూడదో గుర్తులు కట్టుకుంటేనే చొప్ప మిగులుతుంది.

మీరు కంది గురించి కూడా రాశారు, ఇండియాకు ఎగుమతి చేయొచ్చని. కంది మంచి పంట, నేలకూ మంచిది, పిల్లలకూ మంచిది. పటాన్‌చెరు ఇక్రిశాట్ రకాలు అక్కడ చాలాకాలంగా ఉన్నాయి. వేరుశనగలో కంది కలిపి వేస్తే ఏకకాలంలో రెండు పప్పుజాతి పంటలు, మరుసటి ఏడాది ఆ నేలలో మొక్కజొన్న బాగా వస్తుంది. ఉత్తరాన ఎక్వెండేని మిషన్ ఆసుపత్రి 2000లో మొదలుపెట్టిన పని ఒకసారి తెలుసుకోండి, ముఖ్యంగా సిస్టర్. బక్కచిక్కిన పిల్లలు మళ్లీ మళ్లీ వార్డుకు వస్తుంటే, ఆసుపత్రివాళ్లు పొలాల వైపు చూశారు. రైతులనే పరిశోధన బృందంగా పెట్టి కంది, సోయా, వేరుశనగ వేయించారు. ఆకు, కట్టె కాల్చకుండా నేలలో కలిపించారు. వంటల రోజులు పెట్టి మగవాళ్లతో కూడా వండించారు, నానమ్మలతో మాట్లాడారు. ఒక నర్సు, ఒక అగ్రికల్చర్ వ్యక్తి కలిసి చేయగల పని అంటే ఇదే. అక్కడ వాళ్లకు ఎదురైన చిక్కు కూడా తెలుసుకోండి: కంది కోతకొచ్చేది మొక్కజొన్న తర్వాత, అప్పటికి ఊళ్లో మేకలను వదిలేస్తారు. ఒక్కరు వేస్తే మేకల పాలే, ఊరంతా ఒప్పుకోవాలి.

కానీ ఎగుమతి ఆశ మాత్రం చూపించకండి. 2017లో మన దేశం కంది దిగుమతికి పరిమితి పెట్టగానే మలావి, మొజాంబిక్, టాంజానియాల్లో ధర కుప్పకూలింది. 2021లో మలావితో ఏటా 50,000 టన్నులకు ఒప్పందం కుదిరింది, నిజమే. కానీ ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ మారితే ఆ పల్లెలో ఒక తల్లికి ఫీజు డబ్బులు ఉండవు. ముందు ఇంట్లో తినడానికి, మిగిలితే అమ్మడానికి అని చెప్పండి.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి, దయచేసి గట్టిగా పట్టుకోండి. విత్తనం సంచినీ బాప్తిస్మాన్నీ ఒకే చేత్తో ఇవ్వకండి. మనకు ఈ పాఠం మన ఒంగోలులోనే ఉంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కరువు పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వచ్చారని ఎవరూ అనకూడదని. సాయం ముగిశాకే, 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మీరూ అంతే చేయండి. మీ లిస్టులో ముస్లిం కుటుంబం ఉండాలి, గులే వామ్‌కులు అనే ముసుగు నాట్యం ఆడే ఇల్లు ఉండాలి, మీ సంఘానికి ఎప్పుడూ రాని విధవరాలు ఉండాలి. లిస్టు మీరు రాయకండి, ఊరివాళ్లే అందరి ముందు రాయాలి. సువార్త చెప్పడానికి మీకు ఆదివారం ఉంది, సాయంత్రాలు ఉన్నాయి, చావు ఇళ్లు ఉన్నాయి. చావు జరిగితే ఊరంతా పార కింద పెడుతుంది, ఆరోజు మీ ట్రైనింగ్ ఉన్నా సరే వెళ్లి నేల మీద వాళ్లతో కూర్చోండి.

తెలుగు సంఘం ఆఫ్రికాకు మనిషిని పంపడం కొత్త కాదు. 1903లో నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య గారు నాటాల్ వెళ్లారు, కియర్స్నీ తేయాకు తోటలో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య సంఘం కట్టారు. ఆయన సేవ చేసింది తోట కూలీల మధ్య. మీకు మలావిలో తెలుగు కూలీలు ఉండరు, ఊళ్లలో దుకాణాలు నడిపే గుజరాతీలు ఉంటారు. పల్లెవాళ్లు మిమ్మల్ని చూడగానే దుకాణదారే అనుకుంటారు, ఏం అమ్ముతారు అని అడుగుతారు. కోపం తెచ్చుకోవద్దు. చిచేవా భాష వస్తే ఆ అనుమానం కరిగిపోతుంది. లిలాంగ్వేలో మన పప్పులు, మసాలాలు దొరుకుతాయి, కాబట్టి సూట్‌కేసు నిండా కారప్పొడి మోయక్కర్లేదు.

మలేరియా గురించి సిస్టర్‌కి తెలుసు. జ్వరం వస్తే అదే రోజు టెస్టు, రేపు చూద్దాం అనకూడదు. దోమతెర తప్పనిసరి. మనకు అలవాటు లేనిది బిల్హార్జియా. మలావి సరస్సు ఒడ్డున, నెమ్మదిగా పారే నీళ్లలో కాళ్లు పెడితే చర్మం గుండా పురుగు లోపలికి పోతుంది. పిల్లలను సరస్సులో దింపకండి, దింపితే తర్వాత డాక్టరును అడిగి ప్రాజిక్వాంటెల్ వేయించండి. కరెంటు, డీజిల్ రెండూ నమ్మకం లేదు, ట్రాక్టరు వద్దనడానికి అదొక్క కారణమే చాలు. 2023 నవంబరులో డాలరుకు సుమారు 1,180 క్వాచాలు ఉన్నది ఒక్కరోజులో 1,700 అయింది. ఎరువు ధర అమాంతం లేచింది. మీ సంఘం బడ్జెట్ రూపాయల్లో రాసి, క్వాచాల్లో ఊళ్లో మాట ఇవ్వకండి.

రెండేళ్లు అంటే రెండే రెండు పంటలు. అందులో మొదటి పంటకు మీరు భాష నేర్చుకుంటూ ఉంటారు. మీ సంఘం పెద్దలతో మాట్లాడి కనీసం నాలుగేళ్లకు ఒప్పించండి. ఒప్పుకోకపోతే, అప్పటికే అక్కడ పొలాల్లో పని చేస్తున్న ఒక స్థానిక సంఘం కింద చేరి వాళ్లు చెప్పిన పని చేయండి, సొంత బోర్డు పెట్టకండి. టికెట్లు మే నెలకు చూసుకోండి. పంట ఇళ్లకు చేరే సమయం, దారులు ఎండి ఉంటాయి, జనానికి కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది, సంచుల పని వెంటనే మొదలుపెట్టొచ్చు.

మీకు చూపిస్తున్న ఊరు ఏ జిల్లాలో ఉందో రాయండి. ఉత్తరం అయితే భాష చిటుంబుకా, భూమి తండ్రి నుంచి కొడుకులకు వస్తుంది, నేను పైన ఆడవాళ్ల పొలాల గురించి చెప్పింది అక్కడ మార్చుకోవాలి. దక్షిణాన షిరే నది లోయ అయితే ఎండ, వరద రెండూ ఎక్కువ, మొక్కజొన్న కంటే జొన్న, సజ్జ, చిలగడదుంప గురించి ముందు మాట్లాడుకుందాం.